ఆర్గాన్ ఒకటి, ధ్వని లేదు

లోకంలో ఉన్న వస్తువులన్నీ మూడే రకాలు: కదిలేవి, కదలనివి, పురాతన వస్తు పరిరక్షణ శాఖలో నమోదైనవి. మొదటి రెండు రకాల గురించి శాస్త్రజ్ఞులు లావుపాటి పుస్తకాలు రాశారు. మూడో రకం గురించి ఎవరూ రాయలేదు. వాటి సంగతి పూర్తిగా తెలిసేసరికి మనిషికి రాసే ఓపిక మిగలదు. నాకు ఇంకా కాస్త మిగిలింది కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. మా చర్చి సంఘానికి అర్జీలు రాసేవాణ్ణి నేను. ఈ పదవికి ఎన్నిక జరగలేదు. ఒకసారి హాజరు పట్టీలో నా సంతకం చూసి పాస్టరుగారు "అబ్బ, ముత్యాల్లా ఉన్నాయండీ అక్షరాలు" అన్నారు. ఆ మాటకు ఉబ్బిపోయి నేను నవ్వాను. ఆ నవ్వును సంఘం వారు అంగీకారంగా నమోదు చేసుకున్నారు. అది జరిగి పన్నెండేళ్ళయింది.

ఇక విషయం. మా పక్క పేటలో ఒక పెద్ద చర్చి ఉండేది. పైకప్పు దూలాలు పుచ్చిపోయి, కింద కూర్చోవడం ప్రమాదమని దాన్ని మూసేశారు, త్వరలో కూలగొడతారు. అందులో వెనక గోడకు ఆనుకుని, రెండంతస్తుల ఎత్తున, నూట నలభై ఏళ్ళ నాటి పైపు ఆర్గాన్ ఉంది. చూడనివారి కోసం చెబుతున్నాను, ఇది హార్మోనియానికి ముత్తాత. మోటారు తిత్తుల్లోకి గాలి కొడుతుంది, మెట్టు నొక్కితే ఆ గాలి ఒక గొట్టంలోకి పోయి పలుకుతుంది. ఈ ఆర్గాన్‌లో గొట్టాలు వెయ్యిన్నూట పద్నాలుగు. పెద్దది దీపస్తంభమంత, చిన్నది చిటికెన వేలంత. తీసుకెళ్ళి వాయించుకుంటామంటే ఊరికే ఇస్తామని ఆ చర్చి పెద్దలు మాకు కబురు చేశారు. మాకు అప్పటిదాకా ఉన్నది ఒక కీబోర్డు. అందులో ఏ మీట పొరపాటున తగిలినా డాన్సు దరువు మొదలవుతుంది, అది కూడా భూస్థాపన ప్రార్థనల్లోనే ఎక్కువగా తగులుతుంది. కాబట్టి ఒప్పుకున్నాం.

ఒప్పుకోవడానికి అసలు కారణం మా మేనత్త. ఆ ఆర్గాన్‌ను నలభై ఒక్క ఏళ్ళు వాయించింది ఆవిడే. చర్చి మూసేసిన కొద్దికాలానికి ఆవిడకు వినికిడి తగ్గడం మొదలైంది. నరం చచ్చుబడుతోందని, మిషన్ పెట్టుకున్నా ఏడాదికి మించి లాభం ఉండదని చెవుల డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ఒరేయ్, అది మీ చర్చిలో పెడతారో, మీ నడవలో పెడతారో నాకనవసరం. నా చెవులు ఉండగా ఒక్కసారి అన్ని గొట్టాలూ కలిసి పలకాలి. ఆ తర్వాత చెవులు పోతే పోనీ."

అంటే మా చేతిలో ఏడాది ఉందన్నమాట. ఏడాదంటే బోలెడు సమయమని సంఘంలో అందరూ అన్నారు. (వాళ్ళలో ఒక్కరూ జీవితంలో అర్జీ రాసినవాళ్ళు కారు.)

ఆర్గాన్ మేస్త్రిని పిలిపించాం. మూడు తరాలుగా అదే పని చేస్తున్న కుటుంబం ఆయనది. గొట్టాల మధ్యే పుట్టి పెరిగినందువల్ల కాబోలు, తాను మాత్రం పలకడు. ఆర్గాన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు, తిత్తుల తోలు వాసన చూశాడు, ఒక గొట్టం పీకి నోటితో ఊదాడు.

"బతికే ఉంది. తోలు మార్చాలి. గొట్టాలు కడగాలి. ఒక్కోదానికీ గొంతు సరిచేయాలి. ఏడు నెలలు," అన్నాడు. అంత పెద్ద ఉపన్యాసం ఆయన నోట మళ్ళీ చాలాకాలం వినలేదు.

నమోదైన వస్తువు కాబట్టి శాఖకు వెళ్ళాను. అక్కడ చరాచర నిర్ధారణాధికారి అని ఒకాయన ఉన్నారు. ఏది కదిలేది, ఏది కదలనిది అనే ధర్మసందేహాన్ని తీర్చడం ఆయన ఉద్యోగం. చెడ్డవాడు కాదు, ఆ మాటకొస్తే చాలా మంచివాడు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, ఆ తర్వాతే కుదరదని చెప్పారు.

"గోడకు బోల్టులున్నాయా?"

"నాలుగున్నాయండీ."

"అయితే స్థిరం. స్థిర వస్తువును కదిలించకూడదు."

"బోల్టులు విప్పేస్తే కదులుతుంది కదండీ?"

"విప్పితే చరమే. చర వస్తువును నిక్షేపంగా తీసుకెళ్ళవచ్చు. కానీ స్థిర వస్తువుకు బోల్టులు విప్పకూడదు."

"పోనీ, చరమని మీరు ముందుగా రాసిస్తే మేం విప్పుకుంటాం."

"విప్పి చూపించండి, రాసిస్తాను."

ఇలా మూడు నెలలు గడిచాయి. చివరికి దారి చూపించింది కూడా ఆయనే. నిబంధనల పుస్తకంలో పద్నాలుగో పేజీ తెరిచి, వేలు పెట్టి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. వరద, భూకంపం, గోడకు సున్నం వేయడం అనే మూడు సందర్భాల్లో స్థిర వస్తువును తాత్కాలికంగా పక్కకు జరపవచ్చని అక్కడ ఉంది. మొదటి రెండూ మా చేతిలో లేవు. కాబట్టి కూలగొట్టబోయే చర్చిలో వెనక గోడకు శ్రద్ధగా రెండు పూతలు సున్నం వేయించాం. ఆ నిమిత్తం ఆర్గాన్‌ను కాస్త పక్కకు జరిపాం. పక్కకు అంటే నాలుగు కిలోమీటర్ల అవతలికి, మా చర్చిలోకి. కాగితాల ప్రకారం అక్కడ గోడ ఇంకా ఆరలేదు.

గొట్టాలన్నీ మేస్త్రి తన షెడ్డుకు చేర్చాడు. పని మొదలుపెట్టేముందు నమోదు కార్డు నకలు ఒకటి దగ్గరుంచుకోవాలని నిబంధన. తెచ్చుకున్నాం. ముప్పై రెండేళ్ళ కిందట శాఖ పరిశీలకుడు స్వయంగా వచ్చి నింపిన కార్డు అది. ఎత్తు, వెడల్పు, చెక్క రకం, గొట్టాల సంఖ్య, అన్నీ చక్కగా ఉన్నాయి. అన్నిటికంటే కింద ఒక గడిలో "ధ్వని: లేదు" అని ఉంది.

నేను రెండుసార్లు చదివి, అత్తయ్యకు గట్టిగా వినిపించాను.

"లేకపోవడమేంట్రా? ముప్పై రెండేళ్ళ కిందటంటే నేను ఆదివారం ఆదివారం వాయిస్తూనే ఉన్నాను కదా!"

"అదే అధికారిగారితో చెబుదాం పద."

చెప్పాం. ఆయన చప్పున లేచి గది తలుపు వేసి వచ్చారు.

"అమ్మా, ఆ మాట నాతో అన్నారు సరే, ఇంకెవరితోనూ అనకండి. నమోదైన వస్తువుకు అనుమతి లేకుండా ధ్వని చేర్చడం నేరం. మీరు ఎన్నేళ్ళు చేర్చారు?"

"నలభై ఒకటి," అంది అత్తయ్య. నాకు తెలిసి ఆవిడ ముఖంలో అంత గర్వం అంతకు ముందెప్పుడూ లేదు.

నిబంధన తేలికైనదే. మరమ్మతు అంటే వస్తువును నమోదైన స్థితికి తీసుకురావడం, అంతకు ఎక్కువా కాదు, తక్కువా కాదు. తోలు మార్చవచ్చు. గొట్టాలు కడగవచ్చు. చెక్కకు మెరుగు పెట్టవచ్చు. అన్నీ పూర్తయ్యాక అది పలకకూడదు, అంతే. ఇది మేస్త్రికి చెబితే చేతిలో ఉన్న గొట్టం కింద పెట్టేశాడు.

"గాలి పోతే పలుకుతుంది. పలకకుండా చేయడం మా వంశంలో ఎవరికీ రాదు," అన్నాడు.

ఈ మాట అధికారిగారికి చేరవేశాను. పలకకుండా చేయగల నిపుణుల జాబితా తమ దగ్గర ఉందని, కావాలంటే పంపుతామని ఆయన ఎంతో ఆదరంగా చెప్పారు.

ఇక మిగిలింది కార్డు రాసిన పరిశీలకుడు. ఎప్పుడో రిటైరయ్యాడు. అత్తయ్యా నేనూ వెతుక్కుంటూ వెళితే, ఓ మూడో అంతస్తు ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోస్తూ కనిపించాడు. జ్ఞాపకశక్తి మాత్రం భేషుగ్గా ఉంది.

"ఎందుకు గుర్తులేదమ్మా! మధ్యాహ్నం రెండున్నర. ఎండ మండిపోతోంది. కరెంటు లేదు. వెళ్ళాను, ఒక మెట్టు నొక్కాను, చప్పుడు రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను."

"కరెంటు లేకపోతే మోటారు తిరగదు కదండీ. మోటారు తిరగకపోతే గాలెక్కడిది?"

"ఆ సంగతి నాకేం తెలుసు తల్లీ? కార్డులో కరెంటు అనే గడి లేదు." అని కాసేపు ఆలోచించి, చెంబు కింద పెట్టాడు. "నా వల్ల ఇంత కథ అయిందా? ఉత్తరం రాసిస్తాను, పట్టుకెళ్ళండి."

రాసిచ్చాడు. ఒక మనిషి తన తప్పును తానే ఒప్పుకుంటూ రాసిన అంత నిండైన ఉత్తరం నేను చదవలేదు. శాఖ వారు దాన్ని తిప్పి పంపారు. రిటైరైన ఉద్యోగి మామూలు పౌరుడు, కార్డు దిద్దే అధికారం ఆయనకు లేదు. ఉద్యోగంలో ఉన్న అధికారికి అధికారం ఉంది కానీ, తన చెవితో వినందే దిద్దకూడదు. ఆయన వినాలంటే ఆర్గాన్ పలకాలి. పలకాలంటే కార్డు దిద్దాలి. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అంటారు. ఇక్కడ పామూ కప్పా ఇద్దరూ ఎంతో మర్యాదస్తులు. ఎవరికీ కోపం లేదు. పని మాత్రం జరగదు.

శాఖలోని మార్పులు చేర్పుల సంఘానికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. అది మూడు నెలలకొకసారి సమావేశమవుతుంది. దరఖాస్తు మొబైల్ యాప్‌లోనే పెట్టాలి. యాప్ అన్నీ అడిగి, ఆఖరున "ధ్వని తాలూకు ఫోటో జతచేయండి" అంది. చాలా ఆలోచించి, పాత చర్చిలో అత్తయ్య ఒళ్ళు మరచి ఆర్గాన్ వాయిస్తున్న ఫోటో జతచేశాను. ధ్వనికి అంతకంటే మంచి ఫోటో ఎవరు తీయగలరు? రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. కారణం: కళ్ళు మూసి ఉన్నాయి.

ఆ సంఘం మొదటి సమావేశానికి సభ్యులు చాలినంతమంది రాలేదు. రెండో సమావేశానికి అందరూ వచ్చారు, ఫైలు రాలేదు.

ఈలోగా ఒకరోజు మేస్త్రి నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఏదో చెప్పాలని ఆయన పడుతున్న అవస్థ చూసి నాకే భయమేసింది.

"ఆర్గాన్ పలకకూడదన్నారు. గొట్టం పలకకూడదని ఎవరన్నారు?"

ఆ రాత్రే ఆయనకు జ్వరం వచ్చిందని వాళ్ళావిడ చెప్పింది. నేను వెంటనే అధికారిగారిని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. విడిగా ఉన్న గొట్టం ఆర్గాన్ కాదని, విడి గొట్టాల మీద తమ శాఖకు ఏ అధికారమూ లేదని, బహుశా నీటి సరఫరా వారి పరిధిలోకి వస్తుందని చెప్పారు. నీటి సరఫరా వారిని మేం అడగలేదు. అంత తెలివి మాకు అప్పటికి వచ్చింది.

ఆ మర్నాటి నుంచి అత్తయ్య మేస్త్రి షెడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ ఒక బల్ల, దానికింద చిన్న తిత్తి ఉన్నాయి. గొట్టాన్ని బల్లకున్న రంధ్రంలో నిలబెట్టి, కాలితో తిత్తి తొక్కితే ఆ ఒక్క గొట్టం పలుకుతుంది. చాకుతో దాని పెదవి కాస్త గీకితే గొంతు మారుతుంది. ఏ గొట్టం గొంతు ఎలా ఉండేదో లోకంలో తెలిసిన మనిషి అత్తయ్య ఒక్కతే.

మేస్త్రి వంశాచారం ప్రకారం పని ఎప్పుడూ పెద్ద గొట్టంతోనే మొదలుపెట్టాలి. ఆయన తాతా, తండ్రీ అలాగే చేశారు. అత్తయ్య ఒప్పుకోలేదు.

"చిన్నవాటితో మొదలుపెట్టు నాయనా. సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయన్నాడు డాక్టరు. పెద్దవి ఎలాగూ ఆఖరిదాకా నాతోనే ఉంటాయి."

మేస్త్రి బల్ల మీదకు ఎక్కించిన గొట్టాన్ని దించేసి, చిటికెన వేలంత గొట్టాన్ని తీశాడు.

రోజుకు ఏడెనిమిది గొట్టాలు అయ్యేవి. నేను పక్కన కూర్చుని గొట్టం నంబరు, తేదీ, "సరే" అని రాసేవాణ్ణి. (ముత్యాల్లాంటి అక్షరాలతో.) "ఇది ముక్కుతో మాట్లాడుతోంది" అనేది అత్తయ్య. "దీనికి జలుబు చేసింది." "ఇది అరుస్తోంది, కాస్త పెద్దంతరం చిన్నంతరం నేర్పించు." ఆయన గీకేవాడు, ఆవిడ తల వంచి వినేది, ఇద్దరూ ఒకేసారి తలాడించేవాళ్ళు. అంత సుఖంగా పని చేసుకునే ఇద్దరు మనుషుల్ని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఒకరోజు మేస్త్రి ఒక గొట్టాన్ని నిలబెట్టి తిత్తి తొక్కాడు. అది చక్కగా పలికింది. అత్తయ్య తల వంచి అలాగే చూస్తోంది.

"తొక్కు మరి," అంది.

మేస్త్రి నా వైపు చూశాడు. నేను పుస్తకంలోకి చూశాను. ఆ గొట్టాన్ని పక్కన పెట్టి, అంతకంటే రెండంగుళాలు పెద్దదాన్ని తీశాడు. అది ఆవిడకు వినిపించింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు? ఆ రోజు నుంచి రోజుకు పన్నెండు చొప్పున చేశారు. చెవులు ఒకవైపు నుంచి తగ్గుతుంటే, గొట్టాలు రెండోవైపుకు పెరుగుతూ పోయాయి. దీపస్తంభమంత ఆఖరి గొట్టాన్ని బల్ల మీద నిలబెట్టలేక నేల మీద పడుకోబెట్టి, రబ్బరు పైపుతో గాలి ఇచ్చాడు. షెడ్డు రేకులు అదిరాయి.

"వచ్చాడమ్మా తాత!" అని అత్తయ్య చప్పట్లు కొట్టింది.

అలా వెయ్యిన్నూట పద్నాలుగింటినీ ఒక్కొక్కటిగా విన్నది. ఆ మధ్యలోని నాలుగైదు తప్ప. కలిపి వినడమొక్కటే మిగిలింది. గొట్టాలన్నీ మా చర్చిలో ఆర్గాన్‌కు బిగించి, మోటారుకు తాళం వేసి, సంఘం మూడో సమావేశం కోసం ఎదురుచూశాం.

మూడో సమావేశానికి సభ్యులూ ఫైలూ కలిసి వచ్చారు. పునఃపరిశీలనకు ఆమోదం దొరికింది. మొదటి పరిశీలన ఎలా జరిగిందో ఇదీ అలాగే జరగాలి: మధ్యాహ్నం రెండున్నరకు, అధికారి చేత, ఒక్క మెట్టు. కరెంటు కూడా అలాగే తీసేయిస్తారేమోనని వెంటనే ఫోన్ చేశాను.

"ఆ అంశమూ చర్చకు వచ్చిందండీ. విద్యుత్ శాఖ వారు ఒప్పుకోలేదు," అన్నారు అధికారిగారు.

తేదీ రావడానికి మరో రెండు నెలలు పట్టింది. డాక్టరు చెప్పిన ఏడాది మాట తప్పలేదు. శాఖ కూడా మాట తప్పలేదు, కాకపోతే ఐదు వారాలు అటూ ఇటూ అయింది. పునఃపరిశీలన నాటికి అత్తయ్యతో మేం ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నాం.

ఆ రోజు సరిగ్గా రెండున్నరకు అధికారిగారు వచ్చారు. మేస్త్రి మోటారు వేశాడు. అధికారిగారు చూపుడువేలితో ఒక మెట్టు నొక్కారు. నిండుగా ఒక స్వరం లేచి చర్చి పైకప్పు దాకా వెళ్ళింది. ఆయన వేలు తీయడం మరచిపోయారు. తీశాక నిబంధనల పుస్తకం తెరిచి చూసుకుని, మూసి, "ఇంకొకటి నొక్కవచ్చాండీ?" అని నన్ను అడిగారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన ఇంకొకర్ని అనుమతి అడగడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఆ తర్వాత అత్తయ్యకు సైగ చేశారు, మీరు వాయించండి అని.

అత్తయ్య బల్ల మీద కూర్చుని చీర కొంగు సర్దుకుంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదరా. ఇప్పుడు శంఖం ఊదేదే చెవిటిది," అని నవ్వింది. మాకెవరికీ నవ్వు రాలేదు. వాయించింది. నలభై ఒక్క ఏళ్ళు వాయించిన కీర్తనే, అన్ని గొట్టాలూ తెరిచి. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు లోపలికొచ్చి చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. అధికారిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ తీసి మళ్ళీ తుడుచుకున్నారు. వాయించడం అయ్యాక అత్తయ్య మా మొహాలేవీ చూడలేదు. మేస్త్రి వైపు తిరిగింది.

"ఆ జలుబు గొట్టం?"

మేస్త్రి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఇక కాగితం. ధ్వని ఉందని కార్డులో రాయాలంటే సాక్షుల వాంగ్మూలం కావాలి. వచ్చినవాళ్ళు, మేం, చివరికి అధికారిగారు కూడా సహాయక సాక్షులం మాత్రమే, ఎందుకంటే వీధిలో చప్పుడును మేం ఆర్గాన్ చప్పుడుగా పొరబడే అవకాశం ఉందట. ముఖ్య సాక్షి వాయించిన వ్యక్తి. ఆ వ్యక్తి మాటే తుది మాట. కాగితం మీద రెండు గడులున్నాయి: విన్నాను, వినలేదు. అధికారిగారు కాగితాన్ని అత్తయ్య ముందు పెట్టి, మొదటి గడి పక్కనే వేలు ఆనించి, కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు.

అత్తయ్య రెండుసార్లు చదివింది.

"బల్ల వణికింది. అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా వచ్చింది. అది రాయడానికి గడి ఉందా నాయనా?"

అధికారిగారు లేదన్నట్టు తలాడించారు.

నేను పలక అందుకుని గబగబా రాశాను: "విన్నానని టిక్కు పెట్టెయ్ అత్తయ్యా. ఎవరికి నష్టం?"

పలక చదివి నా వైపు జాలిగా చూసింది. "నేను తప్పు స్వరం వాయిస్తే ఇన్నేళ్ళలో ఒక్కడు కనిపెట్టలేదురా. అయినా ప్రతిసారీ ఇంటికెళ్ళి దిద్దుకున్నాను. ఇప్పుడు చర్చిలో కూర్చుని, తెలిసి తెలిసి తప్పు పెట్టమంటావా?"

రెండో గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, కాగితం ఇచ్చేసింది. అధికారిగారు దాన్ని మడతపెట్టకుండా రెండు చేతులా పట్టుకుని వెళ్ళారు.

కొత్త కార్డు పది రోజుల్లో వచ్చేసింది. శాఖ చరిత్రలో ఇంత వేగంగా ఏ పనీ జరగలేదని అధికారిగారే ఫోన్ చేసి చెప్పారు. గొట్టాలు: 1,114. ధ్వని: లేదు. (పునఃపరిశీలనలో ముఖ్య సాక్షి ద్వారా ధ్రువపడినది.) అయితే ఒక శుభవార్త కూడా చెప్పారు. లేని ధ్వనిని నిషేధించే నిబంధన ఏదీ లేదు కాబట్టి, మేం ఎంతసేపైనా వాయించుకోవచ్చట.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా చర్చి నిండిపోతోంది. అత్తయ్య వాయిస్తోంది, మేం వింటున్నాం. ఆ ఆర్గాన్‌కు ధ్వని లేదన్న విషయంలో మాత్రం పురాతన వస్తు పరిరక్షణ శాఖకూ మా అత్తయ్యకూ మధ్య ఎలాంటి అభిప్రాయభేదమూ లేదు.